కరెంటు వచ్చిన రాత్రి విలువ తెలిసిన చరిత్రకారుడు

అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ జీవితాన్ని రాయడానికి రాబర్ట్ కారో 1970లలో పూనుకున్నారు. 1982 నుంచి 2012 వరకు వచ్చిన నాలుగు సంపుటాల్లో కథ జాన్సన్ పదవి చేపట్టిన తొలి నెలల దాకానే నడిచింది. ఇది జాప్యం కాదు, ఆయన పని పద్ధతే అంత.

కారో 1935లో న్యూయార్క్‌లో పుట్టారు. ప్రిన్స్‌టన్‌లో చదివి న్యూస్‌డే పత్రికలో విలేకరి అయ్యారు. దేన్నీ ఊహించుకోవద్దని, దస్త్రంలో ప్రతి పేజీ తిరగేయమని మేనేజింగ్ ఎడిటర్ అలన్ హాత్‌వే చెప్పిన మాటే ఆయనకు జీవితకాలపు పాఠమైంది. ఏ ఎన్నికలోనూ గెలవకుండా న్యూయార్క్ రోడ్లను, వంతెనలను శాసించిన రాబర్ట్ మోజెస్‌పై ఏడేళ్లు శ్రమించి తొలి పుస్తకం రాశారు. మధ్యలో డబ్బు అయిపోతే భార్య ఐనా ఇల్లు అమ్మి పని ఆగకుండా చూశారు. 1974లో వచ్చిన ‘ది పవర్ బ్రోకర్’కు పులిట్జర్ దక్కింది. బ్రాంక్స్‌లో ఒక మైలు రహదారి కోసం ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చిన సుమారు 1,500 కుటుంబాల గోడు అందులో ఒక అధ్యాయమైంది.

జాన్సన్ కోసం ఆ దంపతులు టెక్సాస్‌లోని హిల్ కంట్రీకి వెళ్లి మూడేళ్లు కాపురమున్నారు. పట్నంవాళ్లతో మనసు విప్పని అక్కడి ఆడవాళ్లకు ఐనా స్వయంగా చేసిన అంజీర్ జామ్‌తో దగ్గరయ్యారు. కరెంటు లేని రోజుల్లో నీళ్లు మోసి మోసి నడుములు వంగిపోయాయని వాళ్లు చెప్పారు. ఒక పెద్దావిడ పాత చేద తెచ్చి, బావిలో వేసి తోడి చూడమన్నారు. ఆ బరువు చేతికి తెలిశాకే, యువ కాంగ్రెస్ సభ్యుడిగా జాన్సన్ ఆ పల్లెలకు కరెంటు తెప్పించడమంటే ఏమిటో కారోకు పూర్తిగా అర్థమైంది.

అదే జాన్సన్ 1948లో 87 ఓట్ల ఆధిక్యంతో సెనేట్ అభ్యర్థిత్వం గెలుచుకున్నారు. ఆ గెలుపు దొంగ ఓట్లదని రెండో సంపుటంలో కారో తేల్చారు. అందుకోసం నాటి ఎన్నికల అధికారి లూయిస్ సాలస్‌ను వెతికి పట్టుకున్నారు. నల్లజాతీయుల పౌరహక్కుల బిల్లును 1957లో సెనేట్‌లో గట్టెక్కించిన నేర్పు కూడా అదే మనిషిదని మూడో సంపుటంలో అంతే శ్రద్ధతో రాశారు. దానికి మరో పులిట్జర్ వచ్చింది.

నాయకుల చరిత్రలు సాధారణంగా పొగడ్తగానో, అభియోగపత్రంగానో మిగిలిపోతాయి. కారో ఆ రెండు దారులూ తొక్కలేదు. చట్టం ఎవరి ఇంట దీపం వెలిగించింది, ఎవరి ఇల్లు కూల్చింది అని అడిగారు. జవాబు కోసం గ్రంథాలయంలోని కాగితాలనూ వదల్లేదు, బావి గట్టునూ వదల్లేదు. ఏలినవారి చరిత్రలో ఏలుబడికి లోనైనవారికి కూడా చోటుండాలని ఆయన పుస్తకాలు నిరూపించాయి. ఏ దేశంలోనైనా, ఏ భాషలోనైనా, రాజకీయ జీవితచరిత్ర రాసేవారు అందుకోవలసిన ప్రమాణం ఇదే.