ఆ అయిదు మిల్లీవోల్టులు ఎక్కడివి?

"ఫ్లైఓవర్ ఎక్కంగనే బంద్ పడతది మేడం. కీ తీసి పెడితె మల్ల నడుస్తది. పొద్దుగాల మంచిగనే ఉంటది, ఎండపూటనే ఈ లొల్లి."

చర్లపల్లి పారిశ్రామికవాడలో బ్యాటరీ ఆటోలకు రక్షణ బోర్డులు తయారుచేసే చిన్న వర్క్‌షాపు అది. డ్రైవర్ మాటలు వింటున్న యువ ఇంజినీరుకు ముచ్చెమటలు పట్టాయి. నిండా జనంతో ఉన్న ఆటో, వెనకే లారీలు వస్తుండగా ఎక్కుడులో ఆగిపోతే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

బ్యాటరీ కరెంటంతా ఆ బోర్డు మీది ఒక మిల్లీఓమ్ షంట్ రెసిస్టర్ గుండా పోతుంది. 20 ఆంపియర్లు పారితే దాని మీద 20 మిల్లీవోల్టులు పడతాయి. కరెంట్ సెన్స్ యాంప్లిఫయర్ దాన్ని 50 రెట్లు చేసి, ఒక వోల్టుగా మైక్రోకంట్రోలర్‌కు అందిస్తుంది. 2 వోల్టులు వస్తే 40 ఆంపియర్లు అయినట్టు లెక్క. వెంటనే మోటారు ఆగిపోతుంది.

ఆమె బల్ల మీద లోడ్ కట్టి సరిగ్గా 20 ఆంపియర్లు పంపింది. మీటరు 1.25 వోల్టులు చూపింది. అంటే 32 ఆంపియర్లకే బోర్డు 40 అనుకుని బండిని ఆపేస్తోంది!

నకిలీ చిప్పేమోనని అనుమానం వచ్చింది. అది ఐఎన్ఏ180ఏ2. డేటాషీట్ ప్రకారం గెయిన్‌లో తేడా ఒక శాతం దాటకూడదు. ఇక్కడ ఏకంగా పాతిక శాతం. వేరే బ్యాచ్ చిప్ వేసినా అదే అంకె. షంట్ మార్చినా అదే.

"ప్రోగ్రాంలో 0.8తో గుణించేయమ్మా, రేపు సరుకు పంపాలి" అన్నాడు యజమాని.

లెక్కకు అది సరిపోతుంది కూడా. కానీ ఎండపూట జబ్బు ఎందుకు ముదురుతోందో తేలకుండా అంకె దిద్దనని ఆమె మొండికేసింది. ఈ ఉదంతంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించింది ఆ మొండితనమే.

సాయంత్రం, ప్రభుత్వ రంగ సంస్థలో టెస్టింగ్ విభాగం నుంచి రిటైరైన ఒక పెద్దాయన వచ్చి బోర్డు ముందు కూర్చున్నారు.

"చిప్పులోంచి ఏం వస్తోందో చూశావు. లోపలికి ఏం పోతోందో చూశావా అమ్మా?"

"లేదు సార్."

మల్టీమీటరును మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి, రెండు ప్రోబులూ చిప్ ఇన్‌పుట్ కాళ్ల మీద ఆనించారు. 25.0. అవే ప్రోబులను షంట్ రెండు కొసలకూ, లోహానికే తగిలేలా పెట్టారు. 20.0. చిప్ నిజమే చెబుతోంది. మధ్యలో అయిదు మిల్లీవోల్టులు ఎక్కువ చేరుతున్నాయి, అంతే.

భూతద్దం కింద అసలు విషయం బయటపడింది. చిప్‌కు వెళ్లే సన్నటి ట్రాకులు షంట్ ప్యాడ్‌ల లోపలి అంచు నుంచి కాక, ప్రధాన కరెంటు పారే వెడల్పాటి రాగి మీద, కాస్త దూరం నుంచి మొదలవుతున్నాయి. 35 మైక్రాన్ల మందం రాగిలో ఒక చదరం ముక్కకు, దాని సైజు ఎంతైనా, దాదాపు అర మిల్లీఓమ్ నిరోధం. రెండు వైపులా కలిపి అర చదరం. పావు మిల్లీఓమ్. షంటే ఒక మిల్లీఓమ్ అయినప్పుడు అది పాతిక శాతం.

తర్వాత ఆయన హాట్ ఎయిర్ గన్‌తో బోర్డును మెల్లగా వేడి చేశారు. 1.25 కాస్తా 1.27 అయింది, 1.30 వైపు జరిగింది. డిగ్రీకి దాదాపు 0.39 శాతం చొప్పున రాగి నిరోధం పెరుగుతుంది. షంట్‌లోని మిశ్రమ లోహం దాదాపు కదలదు. ఎండపూట లొల్లి రహస్యం ఇదే. 0.8తో గుణించి ఉంటే పొద్దున సరిపోయి, మధ్యాహ్నం మళ్లీ మోసం చేసేది.

ఆమె బ్లేడుతో ఆ రెండు ట్రాకులనూ కోసేసింది. ఎనామిల్ తీగలను ప్యాడ్‌ల లోపలి అంచులకు అతికి, చిప్ దాకా లాగింది. మళ్లీ 20 ఆంపియర్లు. ఒక్క వోల్టు. ఈసారి వేడి చేసినా అంకె చెప్పుకోదగినంత కదల్లేదు.

కరెంటు ఒక దారిన పంపి, వోల్టేజీ వేరే దారిన కొలిచే ఈ నాలుగు కొసల పద్ధతికి లార్డ్ కెల్విన్ పేరే ఉంది. అతి చిన్న నిరోధాలను కొలవడానికి ఆయన తన బ్రిడ్జి సర్క్యూట్‌ను రూపొందించింది 1860 దశకంలో.

వర్క్‌షాపు వాళ్లు పాత బోర్డులన్నీ వెనక్కి తెప్పించుకున్నారు. బోర్డులు గీసే పిల్లలకు ఒక్క విన్నపం: ఫైలు ఫ్యాక్టరీకి పంపేముందు షంట్ దగ్గర బొమ్మను పెద్దది చేసి, ఆ రెండు సన్నటి ట్రాకులు ఎక్కడ మొదలవుతున్నాయో చూసుకోండి.