సేంద్రియ వైన్ లేబుల్

సేంద్రియ పద్ధతిలో పండించిన ద్రాక్షతో, ఆయా దేశాల నిబంధనల ప్రకారం తయారైన వైన్ సీసాపై వేసే ముద్ర, రాత. హైదరాబాద్ దగ్గరి ఆదిభట్లలోనైనా ఇబ్రహీంపట్నంలోనైనా ‘వైన్స్’ బోర్డు కింద ఎక్కువగా అమ్ముడుపోయేది విస్కీ, బ్రాందీ, బీరే. ఈ వ్యాసంలో వైన్ అంటే పులిసిన ద్రాక్షరసం మాత్రమే.

మనకు ద్రాక్ష కొత్త కాదు. 1890లో అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాద్‌కు తెచ్చాడని చెప్పే అనాబ్-ఎ-షాహీ రకం నగర శివార్లలో పందిళ్లకెక్కింది. అయితే అది ప్రధానంగా తినే పండుగానే పేరు తెచ్చుకుంది. దేశంలో వైన్‌కు నాసిక్, నందికొండల పేర్లే ముందు వినబడతాయి.

సేంద్రియ తోట అంటే మందే కొట్టని తోట అనుకోవడం పొరపాటు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం మన రైతులకు తెలిసిందే. 1885 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో మిలార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీన్ని ద్రాక్ష బూజు తెగులుకు మందుగా నిలబెట్టాడు. ఐరోపాలో సేంద్రియ తోటల్లోనూ దీన్ని చల్లవచ్చు. రాగి మాత్రం హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోలు మించకూడదు.

అసలు పేచీ సల్ఫైట్ల దగ్గర వచ్చింది. వైన్ చెడిపోకుండా కలిపే సల్ఫర్ డయాక్సైడ్ రూపాలే ఇవి. పులిసేటప్పుడు కొంత తనంతట తానే పుడుతుంది కాబట్టి ‘సల్ఫైట్లు కలపలేదు’ అన్నంత మాత్రాన ‘సల్ఫైట్లు లేవు’ అని కాదు. అమెరికా 1990లో సేంద్రియ చట్టం చేసి, 2002 అక్టోబరు నుంచి నిబంధనలు అమలు చేసింది. సల్ఫైట్లు కలిపితే అక్కడ ‘సేంద్రియ వైన్’ అనకూడదు. పది లక్షలకు 100 పాళ్లు దాటకపోతే ‘సేంద్రియ ద్రాక్షతో చేసినది’ అని రాసుకోవచ్చు. ఐరోపా సమాఖ్యలోనైతే 2012 దాకా ఈ రెండో మాటే దిక్కు. ఆ ఏడాది వచ్చిన నిబంధనతో, తీపి లేని ఎర్ర వైన్‌లో లీటరుకు 100, తెల్లదాంట్లో 150 మిల్లీగ్రాముల దాకా సల్ఫైట్లున్నా ‘సేంద్రియ వైన్’ అనే వీలు కలిగింది. అంటే పారిస్‌లో సేంద్రియ వైన్ అయిన సీసా న్యూయార్క్‌లో కాకపోవచ్చు. ఈ తేడా కొనేవాణ్ని తికమక పెడుతుందన్నది నిజం.

భారత్‌లో సేంద్రియ ఉత్పత్తి జాతీయ కార్యక్రమం 2001లో మొదలైంది; మొదట్లో దాని చూపు ఎగుమతుల మీదే. ద్రాక్షలాంటి బహువార్షిక పంటలకు మార్పిడి గడువు మూడేళ్లు. ఇరుగుపొరుగు రైతులే ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతిని జహీరాబాద్ దగ్గరి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, అనంతపురం ప్రాంతపు టింబక్టు కలెక్టివ్ చేపట్టాయి. వాటి పంట చిరుధాన్యాలు, వేరుశనగలాంటివి; వైన్ కాదు. 2017లో ఆహార భద్రతా సంస్థ తెచ్చిన నిబంధనలతో ‘జైవిక్ భారత్’ ముద్ర వచ్చింది.

దిగుమతి సీసాపై పన్నెండు నక్షత్రాలతో గీసిన ఆకు కనిపిస్తే అది ఐరోపా ముద్ర. దాని దగ్గరే దేశం గుర్తు, తనిఖీ సంస్థ సంఖ్య ఉంటాయి. ముందు వైపు పెద్ద అక్షరాలకన్నా వెనక చీటీ మీది ఈ చిన్న సంఖ్యే నమ్మదగ్గది. సేంద్రియమైనా కాకపోయినా, మన దేశంలో అమ్మే ప్రతి సీసాపై మద్యపానం ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక ఉండాల్సిందే.