పట్టీ మీద పట్టీ: నంద్యాల, ఆళ్లగడ్డ దారుల్లో కుదుపు చరిత్ర

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా కడపకు సాగే దారిలో సరుకు బండికి ఎప్పుడూ రెండు నేలలతో పని. కుందూ నది పొడవునా నల్లరేగడి. అది వానకు ఉబ్బి చక్రాన్ని పట్టేస్తుంది, ఎండకు నెర్రెలు విచ్చుకుంటుంది. తూర్పున నల్లమల పాదాల దగ్గర రాళ్ల దారి. ఈ నేల మీద బరువును ఎలా మోయాలన్నది ఒక సమస్య. కుదుపును ఎక్కడ ఆపాలన్నది వేరే సమస్య. రెండోదాన్ని విడిగా చూడటానికి ఈ ప్రాంతంలో వందేళ్లకు పైగా పట్టింది.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి కడప దాటాక అహోబిలం చూసుకుని శ్రీశైలం వైపు సాగాడు. ఆయన ప్రయాణం పల్లకీలో. కుదుపును తీసుకునేవి బోయీల భుజాలు, మోకాళ్లు. సరుకైతే ఎద్దుల వీపు మీద పెరికెల్లో, లేదా రెండెడ్ల బండ్లలో పోయేది. ఆ బండికి ఇరుసుకూ నొగలకూ మధ్య మెత్తనిదంటూ ఏదీ లేదు. గుంతలో పడ్డ చక్రం దెబ్బ సూటిగా బస్తాకూ, కాడి కింది ఎద్దు మెడకూ తగిలేది. బండివాడి చేతిలో ఉన్న ముఖ్యమైన ఉపాయం నెమ్మదిగా తోలడమే.

కుదుపు లేని రవాణా ఈ ప్రాంతానికి నీటి మీద వచ్చింది. 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వడం మొదలుపెట్టిన కర్నూలు-కడప కాలువను సాగునీటికే కాక పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించారు. కంపెనీ నష్టపోవడంతో 1882లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. కాలువ నీరు పొలాల్లో నిలిచింది కానీ పడవలు నిలవలేదు. 1880లలో నంద్యాలకు మీటరుగేజి రైలు వచ్చింది. ఆళ్లగడ్డకు రాలేదు. 2016లో ప్రారంభమైన నంద్యాల-ఎర్రగుంట్ల మార్గం కూడా బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగానే పోయింది. అందుకే ఆళ్లగడ్డ ధాన్యం, పత్తి, విత్తనాలు, శిల్పాలు అన్నీ ఈనాటికీ రోడ్డు మీదే ఆధారపడి ఉన్నాయి.

రోడ్డు మీదికి లారీ కమాను కట్టతో వచ్చింది. పొడవాటి ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఈ స్ప్రింగు లారీ కంటే చాలా పాతది. 1804లోనే ఒబడయా ఎలియట్ ఇంగ్లండులో గుర్రపు బండ్ల కోసం ఇలాంటి కమానుకు పేటెంటు పొందాడు. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడెస్ లారీల తయారీ మొదలైంది. మద్రాసులోని అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఈ లారీలతోనే కమాను కట్ట పల్లె మెకానిక్కుల చేతికి బాగా అలవాటయింది.

ఈ కట్టలో ఒక విశేషముంది. బండి ఊగినప్పుడు పట్టీలు ఒకదానితో ఒకటి రాపాడతాయి. ఆ రాపిడే ఊపును కొంత చంపుతుంది. అందుకే చాలా పాత లారీలకు వెనక షాక్ అబ్జార్బర్లే ఉండేవి కావు, వాటి లోటూ పెద్దగా తెలిసేది కాదు. బేతంచెర్ల, బనగానపల్లె బండలు పరిమితికి మించి ఎక్కించాల్సి వస్తే ఇంకో పట్టీ చేర్చేవారు. బరువూ ఆగింది, రాపిడీ పెరిగింది. ఆ బండికి ఆ వైద్యం సరిపోయింది. చిక్కంతా అదే వైద్యాన్ని చిన్న బండికి తెచ్చినప్పుడు మొదలైంది.

షాక్ అబ్జార్బర్ చరిత్ర వేరు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యూరపులో కార్ల వేగం పెరిగాక, స్ప్రింగు మింగిన శక్తిని తిరిగి కక్కకుండా ఆపేదొకటి కావాల్సి వచ్చింది. మొదట రాపిడి బిళ్లలు వాడారు. ఆ తర్వాత నూనె వచ్చింది: సిలిండరులో పిస్టను కదులుతూ నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టితే ఊపు వేడిగా మారి పోతుంది. 1953లో ఫ్రాన్సులో క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ పేరుతో మొదలైన సంస్థ గ్యాసు ఒత్తిడితో నూనెను నురగ కట్టనివ్వని షాకులను తయారుచేసింది. మన దేశంలో గేబ్రియల్ ఇండియా 1961లో ఏర్పడింది.

ఇక చిన్న సరుకు బండ్ల వరుసలో 1986లో టాటా 407, 1988లో టాటామొబైల్, 2005లో టాటా ఏస్, 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చాయి. మహీంద్రా పికప్‌లు సరేసరి. వీటిలో చాలావాటికి పట్టీలు తక్కువ. ఏస్ ముందు భాగంలో అసలే పారబోలిక్ కమాన్లు, అంటే కొసలకు పలచబడే కొద్ది పట్టీలవి. పట్టీ తగ్గితే రాపిడి తగ్గింది, ఊపును ఆపే పనంతా షాకుల మీద పడింది. ఈ మార్పును గుర్తించకుండా పాత లారీ అలవాటునే కొనసాగించడం వల్ల ఎన్ని బండ్లు పాడయ్యాయో, ఎంత సరుకు పగిలిందో!

ముప్పావు టన్ను కోసం రూపొందిన ఏస్‌కు అదనపు పట్టీ వేస్తే వెనక భాగం ఎత్తు లేస్తుంది. పాత కొలత షాకు ముందే సగం సాగిపోయి ఉంటుంది. గుంతలో చక్రం దిగగానే చివరికంటా లాక్కుని సీలు చిరిగి నూనె కారుతుంది. ఎంత గట్టి షాకు వేసినా అది బరువును మోయదు, మోసేది కమానే. కాబట్టి షాకు కొనేటప్పుడు ముందు చూడాల్సింది ధర కాదు: ఆ బండి ఇప్పుడున్న ఎత్తులో షాకు పూర్తిగా సాగిన, ముడుచుకున్న పొడవులు, బిగించే కన్నుల కొలత, వాటిలోని రబ్బరు బుష్‌లు.

బరువు మోయడానికీ కుదుపు ఆపడానికీ ఉన్న ఈ తేడా ఆళ్లగడ్డలో చెక్కే రాతి శిల్పాలను తరలించేటప్పుడు బాగా తెలుస్తుంది. రాయి నొక్కుడును బాగా తట్టుకుంటుంది, వంపును అంతగా తట్టుకోదు. విగ్రహం పీఠం చెదరదు కానీ వేళ్లు, ముక్కు, కిరీటం కొసలు పదేపదే ఊగే కుదుపుకు విరుగుతాయి. విగ్రహాలు మోసే బండికి ఎక్కువ పట్టీల కంటే, కమాను తిరిగి పైకి లేవడాన్ని బాగా అదుపు చేసే షాకులు మేలు. ధాన్యం బస్తాల బండికి ఇంత సున్నితం అక్కర్లేదు. అది తిరుగు దారిలో ఖాళీగా వచ్చేటప్పుడు వెనక చక్రాలు ఎగరకుండా ఉంటే చాలు. రెండు బండ్లకూ ఒకే ఇరుసు మీది షాకులను జతగానే మార్చాలి. బుష్‌ల బోల్టులను బండి జాకీ మీద ఉండగా కాక, చక్రాలు నేల మీద ఆనాకే చివరికి బిగించాలి. లేకపోతే రబ్బరు మెలితిరిగి తొందరగా చీలుతుంది.