ఎంపిక, తోడు, తీరిక: ఉమ్ సలాల్ నేపథ్యంలో మేధోవైకల్యం గల కౌమారుల వినోద జీవనం

ఆలోచించడం, నేర్చుకోవడం, సమస్యను పరిష్కరించుకోవడం వంటి బౌద్ధిక సామర్థ్యాల్లోనూ, డబ్బు లెక్క, ప్రయాణం, స్నేహం వంటి నిత్యజీవన నైపుణ్యాల్లోనూ గణనీయమైన పరిమితులు ఎదుగుదల వయసులోనే కనిపించే స్థితిని మేధోవైకల్యం అంటారు. ఈ వైకల్యం గల కౌమారుల దినచర్యను ప్రత్యేక విద్య, చికిత్స, వృత్తి శిక్షణ ఆక్రమించగా, వినోదం మిగిలిన సమయానికి పరిమితమవుతుంది. లేదా అదీ మరొక చికిత్సగా మారిపోతుంది. వినోదం వల్ల కలిగే మేలు ఏ ఆట ఆడారన్న దానికంటే, ఆ ఆటను ఎవరు ఎంచుకున్నారు, ఎవరితో కలిసి ఆడారు అన్న వాటిపైనే ఎక్కువగా ఆధారపడుతుందని ఖతార్‌లోని ఉమ్ సలాల్, అక్కడి వలస తెలుగు కుటుంబాల నేపథ్యంలో ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

భావన, కొలమానం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన అంతర్జాతీయ వర్గీకరణ వైకల్యాన్ని శరీర లోపంగా మాత్రమే చూడకుండా, వ్యక్తి సమాజ జీవితంలో ఎంతవరకు పాల్గొనగలుగుతున్నాడన్న దానితో ముడిపెట్టి, వినోదాన్ని ఆ భాగస్వామ్యంలో ఒక ప్రత్యేక అంశంగా గుర్తించింది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 30వ అధికరణం సాంస్కృతిక జీవనం, వినోదం, తీరిక, క్రీడలలో ఇతరులతో సమానంగా పాల్గొనడాన్ని హక్కుగా ప్రకటించింది. ఈ ఒప్పందాన్ని భారతదేశం 2007లోనూ, ఖతార్ 2008లోనూ ధ్రువీకరించాయి. ఈ భాగస్వామ్యాన్ని కొలవడానికి గిలియన్ కింగ్ బృందం 2004లో వెలువరించిన ప్రశ్నావళి ఎన్ని రకాల పనులు, ఎంత తరచుగా, ఎవరితో, ఎక్కడ, ఎంత ఆనందంగా చేస్తున్నారని అడుగుతుంది. ఈ ప్రశ్నల్లో ‘ఎవరితో’, ‘ఎక్కడ’ అన్నవే కీలకం. ఎందుకంటే మేధోవైకల్యం గల కౌమారుల తీరిక చాలావరకు ఇంట్లో, ఒంటరిగా లేదా కుటుంబ సభ్యులతో, టీవీ, ఫోన్ వంటి కదలిక లేని కాలక్షేపాలతో గడుస్తుందని పరిశోధనలు పదేపదే చూపాయి.

మేలు కలిగే తీరు

శారీరక ప్రయోజనం స్పష్టమైనది. 5 నుంచి 17 ఏళ్ల వారు, వైకల్యం ఉన్నవారితో సహా, రోజుకు సగటున 60 నిమిషాలు మోస్తరు నుంచి తీవ్రస్థాయి శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కండరాల బిగువు తక్కువగా, స్థూలకాయ ప్రమాదం ఎక్కువగా ఉండే, మేధోవైకల్యానికి ఒక కారణమైన డౌన్ సిండ్రోమ్ గల కౌమారులకు ఇది మరింత అవసరం. అయితే వారిలో కొందరికి మెడ ఎముకల కీలు వదులుగా ఉండే అవకాశం ఉన్నందున, నీటిలోకి తలకిందులుగా దూకడం, జిమ్నాస్టిక్స్ వంటివి మొదలుపెట్టే ముందు వైద్య పరీక్ష తప్పనిసరి.

మానసిక ప్రయోజనాన్ని డెసీ, రయాన్‌ల స్వయంనిర్ణయ సిద్ధాంతం వివరిస్తుంది: తన పనిని తానే నిర్ణయించుకున్నానన్న భావన, చేయగలనన్న నమ్మకం, తనకు మనుషులున్నారన్న భరోసా కలిసినప్పుడే మనిషి లోపలి నుంచి ఉత్సాహం పుడుతుంది. బడిలో, చికిత్సలో ఇతరుల నిర్ణయాలను అనుసరించే ఈ పిల్లలకు, సొంత నిర్ణయాన్ని తక్కువ నష్టంతో సాధన చేయగల చోటు తీరిక సమయమే. ఎంపికలో ఓడిపోయే అవకాశం కూడా ఉంటుంది. అతిజాగ్రత్త వల్ల ఆ అవకాశాన్ని తొలగించడం వ్యక్తి గౌరవాన్ని తగ్గించడమేనని రాబర్ట్ పెర్స్కే 1972లోనే వాదించాడు.

సామాజిక ప్రయోజనం ఇరువైపులా ఉంటుంది. సమాన స్థాయి, ఉమ్మడి లక్ష్యం, సహకారం, సంస్థల మద్దతు ఉన్న పరిచయమే పూర్వాభిప్రాయాలను తగ్గిస్తుందని గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పాడు. మేధోవైకల్యం గలవారి కోసం 1968లో ఆరంభమైన క్రీడా సంస్థ స్పెషల్ ఒలింపిక్స్ తరువాతి కాలంలో రూపొందించిన యూనిఫైడ్ స్పోర్ట్స్, అంటే వైకల్యం ఉన్నవారు, లేనివారు ఒకే జట్టుగా ఆడే పద్ధతి, ఈ షరతులకు దగ్గరగా ఉంటుంది.

ఉమ్ సలాల్: అవకాశాలు, అడ్డంకులు

దోహాకు ఉత్తరాన ఉన్న ఉమ్ సలాల్‌లో బర్జాన్ బురుజులు, జాతీయ దినోత్సవ వేడుకలకు 2022 నుంచి శాశ్వత వేదికైన దర్బ్ అల్ సాయి, ఉమ్ సలాల్ క్రీడా క్లబ్ వంటి ప్రజా స్థలాలున్నాయి. 2012 నుంచి ఏటా ఫిబ్రవరి రెండో మంగళవారం జాతీయ క్రీడా దినంగా సెలవు లభిస్తోంది. మేధోవైకల్యం గల పిల్లలకు షఫల్లా కేంద్రం సేవలందిస్తుండగా, స్నేహ జంటలను కలిపే బెస్ట్ బడ్డీస్ సంస్థ 2008 నుంచి ఖతార్‌లో పనిచేస్తోంది.

అడ్డంకులు వాతావరణంతో మొదలవుతాయి. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది; జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట కార్మికుల పనిని నిషేధించవలసి వస్తోందంటే, ఆ నెలల్లో పగటి ఆట గోడల మధ్యే జరగాలి. దోహా మెట్రో రెడ్ లైన్ ఉమ్ సలాల్ దాకా రాకుండా లుసైల్‌తో ఆగిపోవడంతో ప్రయాణం ప్రధానంగా కారుపై ఆధారపడుతుంది. ఫలితంగా కౌమారుని తీరిక తల్లిదండ్రుల తీరికకు లోబడుతుంది. తాతలు, బామ్మలు, మేనత్తలు, ఈడు పిల్లలు పక్కన లేని వలస తెలుగు కుటుంబంలో ఈ ఆధారపడటం మరింత బలపడే అవకాశముంది.

ఈ వెలితిని కొంతవరకు పూరించగల శక్తి ఖతార్‌లోని ఆంధ్ర కళా వేదిక, తెలుగు కళా సమితి వంటి సంఘాలకు ఉంది. ఉగాదికో బతుకమ్మకో ఈ కౌమారులను ముందు వరుసలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించడం భాగస్వామ్యం కాదు. పూలు పేర్చడంలోనో, వడ్డనలోనో, కోలాటంలోనో నిర్దిష్టమైన పని అప్పగించి, అదే వయసు తోడును జతచేయడం భాగస్వామ్యం. పండుగ ఏడాదికొక్కసారే కనుక, ఆ జత వారానికొకసారి, అదే రోజున, చల్లని హాలులో క్యారమ్స్‌కో షటిల్‌కో కలవాలి. బొమ్మల కార్డుల్లోంచి ఆటను ఎంచుకునే వీలు కల్పిస్తే, మాటలు తక్కువగా వచ్చేవారూ తమ ఇష్టాన్ని తెలుపగలరు.

ముగింపు

వలస నివాసం తాత్కాలికం కనుక, నేర్పే వినోదం తిరిగి వెళ్లే ఊరిలోనూ పనికొచ్చేదై ఉండాలి. క్యారమ్స్, ఈత, షటిల్, ఫోన్‌తో ఫొటోలు తీయడం హైదరాబాద్‌లోనూ గోదావరి పల్లెలోనూ కొనసాగగలవు. 1984లో సికింద్రాబాద్‌లో ఏర్పడిన జాతీయ మేధోవైకల్య సంస్థ అక్కడి కుటుంబాలకు మార్గదర్శనం ఇవ్వగలదు. కార్యక్రమాల విజయాన్ని హాజరైనవారి సంఖ్యతో కాక, కౌమారుడు తానే ఎంచుకున్న పనులెన్ని, ఇంటివారు కాని స్నేహితులెందరు అన్న రెండు ప్రశ్నలతో కొలవడం మొదలైతే, వినోదం దినచర్యలో మిగులు స్థానం నుంచి హక్కు స్థానానికి చేరుతుంది.