లేటు ఎర్రగడ్డ: రేటు చూసి నాటితే ఏమవుతుందో మూడుసార్లు చూసినాం



ముందు వేసిన ఎర్రగడ్డ వానకు కుళ్లిపోయింది, రేటేమో పైకి పోతోంది, ఇప్పుడు నాటితే ఎట్లుంటుందన్నా అని ఈ వారం నలుగురు అడిగినారు. ఒక్క మాటలో చెప్పలేను. పాత సంగతులు కొన్ని చెప్తా, జవాబు మీకే దొరుకుతుంది. కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి.

రబీ గడ్డ ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. దాన్ని నిల్వ పెట్టుకొని దేశమంతా అక్టోబరు దాకా తింటుంది. ఆ తర్వాత ఖరీఫ్ గడ్డ రావాల. దాన్ని వాన చెడగొట్టిందంటే కొరతే. 1998లో అట్లనే అయింది. ఆ రేట్ల కోపం ఢిల్లీ ఎన్నికల్లో ప్రభుత్వాన్నే దించిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఖరీఫ్ పోయినాక మనకు మిగిలేది లేటు గడ్డ. మహారాష్ట్రలో దాన్ని రంగడా అంటారు. ఆగస్టు, సెప్టెంబరులో నారు పోసి, అక్టోబరు, నవంబరులో నాటి, జనవరి నుంచి మార్చి దాకా పీకుతారు.

ఇప్పుడు తేదీలు చూడండి. 2010 డిసెంబరులో రేటు మండింది, ఎగుమతులు ఆపినారు. 2011 ఫిబ్రవరికే రేటు పడి నిషేధం ఎత్తేసినారు. 2019 సెప్టెంబరు 29న మళ్లీ నిషేధం. డిసెంబరులో చానా పట్నాల్లో కిలో 100 రూపాయలు దాటింది. కొత్త గడ్డ వచ్చేసరికి రేటు దిగింది, 2020 మార్చి 15 నుంచి ఎగుమతి తెరిచినారు. 2023 డిసెంబరు 8న ఇంకోసారి నిషేధం. అది 2024 మే 4 దాకా నడిచింది. అంటే ఆసారి లేటు గడ్డ మొత్తం తలుపులు మూసి ఉండంగనే మార్కెట్‌కు వచ్చింది.

అర్థమైంది కదా? రేటు చూసి మనం నాటుతాం, మనతో పాటు అందరూ నాటుతారు. గడ్డ పీకే నాటికి ఆ రేటు ఉండదు. 2019లో నేనూ ఆశపడి ఎకరన్నర నాటినా. రేటు పడినందుకు కాదు, మందుల ఖర్చుకు ఎక్కువ ఏడ్చినా. ఏడుసార్లు కొట్టినా పురుగు పోలేదు.

ఆ పురుగు కథ కూడా పాతదే. తామర పురుగు, మనోళ్లు త్రిప్స్ అంటారు. 1889లో లిండెమాన్ అనే ఆయన పొగాకు మీద చూసి దానికి శాస్త్రం పేరు పెట్టినాడు. వాన పడితే కొట్టుకుపోతుంది, ఎండపొడి వాతావరణంలో విపరీతంగా పెరుగుతుంది. లేటు పంటకు తగిలేది ఆ వాతావరణమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ వచ్చింది, పురుగుల పని అయిపోయిందనుకున్నారు. మన దేశంలో 1989లో వ్యవసాయానికి దాన్ని నిషేధించినారు. కొత్త మందులు వచ్చినాయి. 2000 దాటినాక న్యూయార్క్, ఒంటారియో ఉల్లి పొలాల్లో లామ్డా సైహలోత్రిన్‌కు కూడా చావని త్రిప్స్ బయటపడినాయి. ఒకే మందు మళ్లీ మళ్లీ కొడితే అంతే.

ఎందుకు చావదంటే, గుడ్లు ఆకు లోపల ఉంటాయి, పిల్లలు మొవ్వులో దాక్కుంటాయి, ఆ తర్వాత దశ మట్టిలో గడుపుతుంది. మనం కొట్టేది పైన. అది గీకిన గాయంలోంచే ఊదా మచ్చ తెగులు లోపలికి పోతుంది.

అందుకే రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధనా సంస్థ వేరే దారి చెప్పింది. నాటడానికి 30 రోజుల ముందే పొలం చుట్టూ రెండు వరుసలు వేయమంది: బయట మొక్కజొన్న, లోపల గోధుమ. గోధుమ లేకుంటే రెండూ మొక్కజొన్నే. గాలికి వచ్చే పురుగును ఆ గోడ ఆపుతుంది. మొక్కకు 30 పురుగులు కనబడినాకే మందు, అదీ ప్రతిసారి మార్చి, జిగురు కలిపి. ఉల్లాకు నున్నగా ఉంటుంది కాబట్టి జిగురు లేకుంటే మందు జారిపోతుంది. స్ప్రింక్లర్ ఉన్నోళ్లకు ఇంకా మేలు.

ఇంకో సంగతి. గడ్డ ఊరేది పగటి పొద్దు పొడవును బట్టి అని 1937లోనే అమెరికాలో మగ్రూడర్, అలార్డ్ తేల్చినారు. వేడి కూడా దానికి తోడవుతుంది. గడ్డ కట్టే కాలం వచ్చేసరికి ఎన్ని ఆకులుంటే అంత గడ్డ. లేటైన కొద్దీ ఆకులు తక్కువ, గడ్డ చిన్నది. చలి తగిలితే పూకాడలు, జంట గడ్డలు. భీమా శక్తి లాంటి లేటుకు పనికొచ్చే రకం అయితే కొంత నయం.

నా లెక్క ఇది. నారు ఇప్పటికే మడిలో ఉండి, గట్టు చుట్టూ మొక్కజొన్న లేచి ఉంటే నాటండి. అవి రెండూ లేకుండా, రేటు ఒక్కటే చూసి ఈ రోజు విత్తనం కోసం పరిగెత్తేవాళ్లు ఆగండి. ఆ చేన్లో శనగ వేసుకోండి. వచ్చే ఏడు నారు పోసిన పదిహేను రోజులకే గట్ల మీద మొక్కజొన్న పెట్టండి, నాటే నాటికి గోడ సిద్ధంగా ఉంటుంది.

మీ ఊర్లో లేటు గడ్డ ఎవరికి మిగిలింది, ఎవరిని ముంచింది? ఏ తేదీన నాటినారో కూడా రాయండి. ఆ తేదీలే మనకు చరిత్ర.