నామవాచకం – లింగభేదం: ఒక చారిత్రక పరిశీలన

నాందేడు పట్టణం మీదుగా ప్రవహించే గోదావరి కందకుర్తి వద్ద తెలంగాణలో ప్రవేశించి, బాసర సరస్వతీ క్షేత్రం మీదుగా ముందుకు సాగుతుంది. ఆ నదిని మరాఠీ వ్యాకరణం స్త్రీలింగం అంటుంది. ఆంగ్ల వ్యాకరణం నపుంసకలింగం అంటుంది. తెలుగు వ్యాకరణం అమహద్వాచకం అంటుంది. నది ఒక్కటే అయినా లింగం మాత్రం భాషను బట్టి మారుతున్నది. కనుక వ్యాకరణంలోని లింగం వస్తువుకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. నామవాచకాలను వర్గీకరించుకొనడానికి ఒక్కొక్క భాష ఏర్పరచుకొన్న పద్ధతి. ఈ విషయం గుర్తించినప్పుడే, తెలుగు మాధ్యమంలో చదువుతూ మరాఠీ, హిందీ, ఆంగ్ల భాషలను కూడా నేర్చుకొనే నాందేడు విద్యార్థి ఎదుర్కొనే శ్రమ ఎంతటిదో అర్థమవుతుంది.

నామవాచకాన్ని గురించిన ఆలోచన చాలా ప్రాచీనమైనది. యాస్కుడు నిరుక్తంలో పదాలను నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అని నాలుగు విధాలుగా విభజించాడు. గ్రీకు దేశంలో నామాలకు మూడు లింగాలను నిర్దేశించినవాడు ప్రొటాగొరస్ అని అరిస్టాటిల్ పేర్కొన్నాడు. అయితే వ్యాకరణ లింగానికీ, లోకంలోని స్త్రీపురుష భేదానికీ ఎల్లప్పుడూ పొంతన ఉండదు. సంస్కృతంలో భార్య అనే అర్థాన్నిచ్చే మూడు పదాలలో ‘భార్య’ స్త్రీలింగం, ‘దార’ పుంలింగం, ‘కళత్రం’ నపుంసకలింగం కావడమే ఇందుకు చక్కని నిదర్శనం.

ఆంగ్లభాష చరిత్ర కూడా ఇటువంటిదే. ప్రాచీన ఆంగ్లంలో ప్రతి నామవాచకానికీ మూడు లింగాలలో ఏదో ఒకటి ఉండేది. అప్పట్లో సూర్యుడిని తెలిపే పదం స్త్రీలింగం. చంద్రుడిని తెలిపే పదం పుంలింగం. స్త్రీ అని అర్థమిచ్చే ‘విఫ్’ అనే పదం నపుంసకలింగం! మధ్యయుగంలో పదాల చివరి ప్రత్యయాలు క్రమంగా అరిగిపోవడంతో ఈ లింగవ్యవస్థ అంతరించింది. ‘హీ’, ‘షీ’, ‘ఇట్’ అనే సర్వనామాలలో మాత్రం దాని జాడ మిగిలింది. 1586లో విలియం బుల్లోకర్ తొలి ఆంగ్ల వ్యాకరణాన్ని ప్రకటించాడు. 1795లో వెలువడిన లిండ్లే మర్రే వ్యాకరణం బహుళ ప్రచారం పొందింది. వీరందరికీ లాటిన్ వ్యాకరణమే ఒరవడి. భారతదేశంలో నెస్‌ఫీల్డ్ రచనలు, 1930ల నుంచి రెన్, మార్టిన్‌ల రచన పాఠశాలలలో స్థిరపడ్డాయి. సంజ్ఞానామం, జాతినామం, సమూహనామం, ద్రవ్యనామం, భావనామం అనే ఐదు విభాగాలనూ, పుం, స్త్రీ, ఉభయ, నపుంసకలింగాలనూ తరతరాల విద్యార్థులు ఇటువంటి పుస్తకాల నుంచే వల్లించారు.

తెలుగు వారి విభజన ఇందుకు భిన్నమైనది. పదమూడవ శతాబ్దికి చెందిన కేతన తెలుగులోనే తెలుగు వ్యాకరణాన్ని రచించాడు. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్, 1840లో సి.పి. బ్రౌన్ ఆంగ్లంలో తెలుగు వ్యాకరణాలను ప్రకటించారు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి మహత్తు, అమహత్తు అనే విభాగాన్ని శాస్త్రీయంగా నిరూపించాడు. పురుషుడైతే ‘వచ్చాడు’ అంటాం. స్త్రీ అయినా, ఆవు అయినా, బస్సు అయినా ‘వచ్చింది’ అంటాం. బహువచనంలో స్త్రీలు పురుషులతో చేరి ‘వచ్చారు’ అవుతారు. పశువులూ వస్తువులూ ‘వచ్చాయి’ అవుతాయి. ఏకవచనంలో స్త్రీని జడపదార్థాలతో చేర్చిన ఈ పద్ధతి నేటి పాఠకులకు లోటుగా తోచవచ్చు. అయితే వాడుకభాష దానికి పరిష్కారాన్ని తనలోనే కనుగొన్నది. ‘అమ్మగారు వచ్చారు’, ‘పంతులమ్మగారు చెప్పారు’ అనే గౌరవార్థక బహువచనం స్త్రీపురుషులను సమానంగా నిలబెట్టింది.

ఇక నాందేడు విషయం. 1948 వరకు ఈ జిల్లా నిజాం పాలనలో ఉన్నది. ఆనాటి రాజభాష ఉర్దూ. 1956లో మరాఠ్వాడా ప్రాంతం బొంబాయి రాష్ట్రంలో చేరింది. 1960లో మహారాష్ట్ర ఏర్పడింది. పాలకులూ సరిహద్దులూ మారినా తెలుగు, మరాఠీ, ఉర్దూ భాషలు ఇక్కడి వీధులలో ఇరుగుపొరుగుగానే ఉన్నాయి. 1836లో దాదోబా పాండురంగ్ వ్యాకరణం రచించిన మరాఠీలో లింగాలు మూడు. రాయి పడితే ‘దగడ్ పడలా’, రొట్టె పడితే ‘పోళీ పడలీ’, పుస్తకం పడితే ‘పుస్తక్ పడలే’ అనాలి. తెలుగులో ఈ మూడింటికీ ‘పడింది’ అన్న ఒక్క క్రియ చాలు. నీటిని తెలిపే పదం మరాఠీలో నపుంసకలింగం, హిందీ ఉర్దూలలో పుంలింగం. బస్సు అనే ఆంగ్లపదం సైతం మరాఠీలో అడుగుపెట్టగానే స్త్రీలింగమైంది!

కాబట్టి తెలుగు పిల్లవాడు మరాఠీ క్రియలో తడబడితే అది మందబుద్ధి కాదు. ఒక భాషలోని క్రమాన్ని అతడు మరొక భాషకు అన్వయిస్తున్నాడు. ఆ క్రమం అతని మనస్సులో దృఢంగా ఉన్నదనడానికి ఆ తప్పే సాక్ష్యం. ‘తెలుగు చదివినందువల్లనే మిగిలిన భాషలు రావడం లేదు’ అనే మాట కొన్ని ఇళ్ళలో వినవస్తుంది. వ్యాకరణ చరిత్ర ఆ మాటను సమర్థించదు. మహత్తు, అమహత్తు అంటే ఏమిటో తెలిసిన విద్యార్థికి లింగం అనే భావన ముందే పరిచితం. మరాఠీ దానిని ఎలా విభజించింది, ఆంగ్లం దానిని ఎందుకు విడిచిపెట్టింది అని పోల్చి చెబితే చాలు, అతడు సులువుగా గ్రహిస్తాడు.

ఈ నియమాలు శాశ్వతమైనవి కూడా కావు. ఆంగ్లంలో ఓడను ‘షీ’ అనడం చిరకాల సంప్రదాయం. నౌకావాణిజ్య పత్రిక లాయిడ్స్ లిస్ట్ 2002లో దానిని విడిచి ‘ఇట్’ అనడానికి నిశ్చయించింది. ‘చైర్మన్’ స్థానంలో ‘చైర్‌పర్సన్’ వాడుకలోకి వచ్చింది. సమాజం మారినకొద్దీ నామవాచకమూ మారుతుంది.

అందువల్ల ఉపాధ్యాయులు నామవాచక పాఠాన్ని నిర్వచనాల వల్లెవేతతో ముగించక, నాలుగు భాషల ఉదాహరణలను నల్లబల్లపై పక్కపక్కనే వ్రాసి చూపడం శ్రేయస్కరం. తల్లిదండ్రులు ఇంట తెలుగును నిస్సంకోచంగా మాట్లాడడం అంతకన్న శ్రేయస్కరం. మాతృభాషలో వేరూనిన పిల్లలకు ఇతర భాషలు బరువు కావు; అవి వారికి కొమ్మలై విస్తరిస్తాయి.