జుర్రేరు మీద బూడిద వాన

జుర్రేరు లోయలో ఒకప్పుడు నీళ్లు నిలిచే పల్లం ఒకటుండేది. దాని ఒడ్డున ఎవరో కూర్చుని జేగురు ముక్కను అరగదీశారు. ఒంటికి పూసుకోవడానికో, తోలుకు పట్టించడానికో! ఆ గీతలు ఇవాళ్టికీ ముక్క మీద ఉన్నాయి.

ఆ తర్వాత ఒకనాడు ఆకాశం మసకబారింది. రెండున్నర వేల కిలోమీటర్ల అవతల, సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం బద్దలైంది. సుమారు 74,000 ఏళ్ల కిందటి మాట. గాజుపొడి లాంటి బూడిద నీళ్ల మీద, చెట్ల మీద రాలింది. నేరుగా పడింది కొన్ని సెంటీమీటర్లే. కొండవాలు బూడిదనంతా వానలు కడిగి పల్లానికి చేర్చడంతో ఒకచోట రెండున్నర మీటర్ల మందాన పేరుకుంది.

నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర, ఈ లోయలోని జ్వాలాపురంలో ఉంది ఆ పొర. ధార్వాడ్ కర్ణాటక విశ్వవిద్యాలయం నుంచి రవి కొరిశెట్టర్, కేంబ్రిడ్జి నుంచి మైఖేల్ పెట్రాగ్లియా తమ బృందంతో అక్కడ తవ్వారు. బూడిద కింద రాతి పనిముట్లు. బూడిద పైనా దాదాపు అలాంటివే! 2007లో 'సైన్స్' పత్రికలో ఆ సంగతి వెలువడింది. జనం ఆ ఉత్పాతాన్ని తట్టుకున్నారని వారి వాదన. అందరూ ఒప్పుకోలేదు. ఆ పొరల్లో మనిషి ఎముకలు దొరకలేదు కనుక, వాళ్లు మన జాతివారేనా అన్నదీ తేలలేదు. ఎవరైనా కానీ, ఆ బూడిద తర్వాత కూడా ఈ లోయలో ఒకరు రాయి చెక్కారన్నది నన్ను కదిలిస్తుంది.

మరి చుట్టూ అడవా, గడ్డి మైదానమా? మట్టిలోని సున్నపు గడ్డలు చెబుతాయి. చెట్లున్న నేలలో ఏర్పడిన సున్నంలో కార్బన్ ఐసోటోపుల నిష్పత్తి ఒకలా, గడ్డి నేలలో మరోలా ఉంటుంది. మధ్య భారతంలో బూడిదకు కింద, పైన ఆ గడ్డలను పోల్చితే అడవి పలచబడి గడ్డి పెరిగినట్టు 2009లో తేలింది. జంతువుల కథ బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల్లో ఉంది. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించిన చోటే అది. 2014లో వెలువడిన పరిశోధన ప్రకారం, రెండు లక్షల ఏళ్లలో అక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో ఒక్కటి తప్ప అన్నీ ఉపఖండంలో మిగిలాయి.

మా జహీరాబాద్ ఎర్రమొరం కూడా పాతకాలాన్ని దాచుకున్న ఇలాంటి దస్తావేజే. నల్లరాయి యుగాల తరబడి వేడికీ వానకూ కుళ్లి, ఇనుము మిగిలి ఎర్రబడిన నేల అది.

జ్వాలాపురం బూడిదను శుభ్రపరిచే పొడుల కోసం తవ్వి తరలించారు. పోయిన పొర మళ్లీ రాదు. మిగిలిన దానికైనా ప్రభుత్వం కంచె వేసి కాపలా పెట్టాలి. మీ ఊరి మొరం గుంటలో చెక్కిన రాయి కనబడితే కదపకండి, పురావస్తు శాఖకు చెప్పండి.